నా వాటాకు వచ్చిన కొట్టం

మా ఆస్తి పంపకాల్లో పెద్దన్నకు ఇల్లు, చిన్నన్నకు రోడ్డు పక్క ఖాళీ జాగా, నాకు కొట్టం వచ్చాయి. కొట్టం అంటే పశువుల్ని కట్టేసే చోటు. కృష్ణా, గుంటూరు వైపు వాళ్లు సావిడి అంటారు. ఆడపిల్లకు ఇది చాల్లే అని ఎవరూ పైకి అనలేదు. కాగితంలో మాత్రం "శిథిలావస్థలో ఉన్న షెడ్డు" అని రాయించారు.

మా ఊరు వర్తూరు దాటాక వస్తుంది. దాన్ని ఊరని ఇప్పుడు మేం తప్ప ఎవరూ అనరు, మిగతావాళ్లకు అది బెంగళూరులో ఒక బస్టాపు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర హిందీ మాట్లాడుతూ బతుకుతున్నాం. కర్ణాటకలో కూతుళ్లకు సమాన వాటా అని 1994లోనే సవరణ వచ్చింది గానీ, అప్పటికే పెళ్లయినవాళ్లకు అది లేదన్నారు. నాకు 1991లో పెళ్లయిపోయింది. 2005లో కేంద్రం చట్టం మార్చాకే నా పేరు కాగితాల్లోకి ఎక్కింది. పద్నాలుగేళ్లు ఆగి తీసుకున్న కొట్టం కాబట్టి దాని గురించి కాస్త గట్టిగా మాట్లాడతాను, ఓర్చుకోండి.

ఇప్పుడు గొడవ ఏమిటంటే, మా పెద్దన్న కొడుకుకి పాతవాటి మీద ప్రేమ పుట్టింది. "ఇల్లు హెరిటేజ్ అత్తా, దాన్ని రిపేరు చేయించి అలాగే ఉంచుదాం. కొట్టం కేఫ్‌కి ఇచ్చెయ్, నెలకు లక్ష వస్తుంది" అంటాడు. ఒక డిజైనర్‌ని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ గాడిలో చెయ్యి పెట్టి చూసి, ఇందులో మొక్కలు పెడితే చాలా బాగుంటుందండీ అంది. గాడి అంటే తెలుసుగా, ఎద్దులు మేసే తొట్టి. మా ఎద్దుల నాలుకలు గీకి గీకి ఆ రాయి అంచు అద్దంలా నునుపు తేలింది. ఆవిడ వేలు సరిగ్గా దాని మీదే పెట్టింది, అదెలా వచ్చిందో మాత్రం అడగలేదు.

నేను చెప్పేది మావాడికి నచ్చలేదు, మీక్కూడా నచ్చకపోవచ్చు. ఆ ఇల్లు కూలిపోయినా నాకు పెద్ద బాధ లేదు. రెండింట్లో ఒకటే నిలబడాలంటే కొట్టమే నిలబడాలి.

ఇంటి సంగతి ముందు తేల్చేస్తాను. అది 1962లో మా తాత సిటీలో ఎవరిదో బంగళా చూసొచ్చి కట్టించింది. ముందు రెండు సిమెంటు సింహాలు, మేడ మీద సిమెంటు పూలకుండీలు, లోపల మొజాయిక్ నేల. ఎండాకాలం మధ్యాహ్నం ఆ మేడగదిలో కూర్చోలేం. తాతే లేచి కొట్టంలో నులకమంచం వేసుకునేవాడు. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

కొట్టం పది అంకణాలది. రెండు గుంజల వరసల మధ్య జాగాను అంకణం అంటారు. నెల్లూరులో ఇళ్ల స్థలాన్ని ఇప్పటికీ అంకణాల లెక్కన అమ్ముతారు, అక్కడ అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతికి వస్తే 36. మా నాయనకు ఈ అడుగులేవీ పట్టేవి కావు. అంకణానికి రెండు ఎద్దులు, అంతే కొలత. గుంజలు రాతివి. బెంగళూరు చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా బండే తగులుతుంది. లాల్‌బాగ్ గుట్ట మీద బోర్డు పెట్టి మరీ చెబుతారు, ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్లని. పేడ, తడి ఎప్పుడూ ఉండే నేలలో కర్ర గుంజ పాతితే చెదలు రెండేళ్లు కూడా ఉండనివ్వవు. అందుకని మొదలు రాయి, పైన దూలం, వాసాలు మాత్రం కర్ర. సాయంత్రం దోమలకని వేపాకు, పిడకలు వేసి పొగబెట్టేవాళ్లు. ఆ పొగ పశువుల కోసమని అందరూ అనుకుంటారు. ఏళ్ల తరబడి అది పట్టి వాసాలు నల్లగా అయ్యాయి, పురుగు ముట్టలేదు. మేడ ఇంటి కిటికీలను మాత్రం మూడుసార్లు మార్చాం.

పడమర వైపు నిండు గోడ ఉంటుంది, నైరుతి గాలివాన అటునుంచే కొడుతుంది కనుక. తూర్పు వైపు మొలెత్తు గోడ, ఆపైన ఖాళీ. పైన మొదట బోద కప్పు ఉండేదట, తర్వాత నాటు పెంకులు, ఆ తర్వాత మంగళూరు పెంకులు. ఆ పెంకుల ఫ్యాక్టరీని మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీలు 1865లో మొదలుపెట్టారు. సముద్రం ఒడ్డు వానకు పుట్టిన పెంకు కొండలెక్కి మా ఎద్దుల నెత్తిన కూర్చుంది. నాటు పెంకులైతే కోతులు తిరగేస్తే ఏటా సర్దుకోవాలి, వీటికి ఆ బాధ తక్కువ.

నేల మీద బండలు కాస్త వాలుగా పరిచారు. పశువుల మూత్రం గాడికి అవతలి వైపు కాలవలోకి, కాలవలోంచి బయట దిబ్బలోకి పోతుంది. చూస్తే వాలు ఉన్నట్టే తెలియదు, బిందెడు నీళ్లు పోస్తే తెలుస్తుంది. ఇదంతా ఎందుకంటే, ఎరువు. మా పొలానికి ఎరువుల సంచి రాకముందు కొట్టమే ఎరువుల ఫ్యాక్టరీ, పాలు, దుక్కి దాని పైన వచ్చే లాభం. చెత్తనీ మలాన్నీ గుంతలో పొరలు పొరలుగా వేసి, పైన మట్టి మెత్తి ఆరేడు నెలలు మగ్గబెట్టే పద్ధతిని ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.ఎన్. ఆచార్య 1939లో రూపొందించారు. వ్యవసాయ పుస్తకాల్లో దాని పేరు నేటికీ బెంగళూరు కంపోస్టు పద్ధతే. ఆ పేరున్న నగరంలో ఇప్పుడు మా వీధి చివర చెత్త ఎవరు ఎత్తాలని రోజూ తగువు.

అయితే కొట్టం ఎప్పుడూ ఇలా ఇంటికి దూరంగా లేదు. ఈ పీఠభూమి పల్లెల్లో పాత ఇళ్లు చూస్తే తెలుస్తుంది, గుమ్మం దాటగానే ఒక పక్క పల్లంగా పశువులు, ఇంకో పక్క గట్టు మీద మనుషులు. దొంగల భయం, చిరుత భయం, మాఘమాసపు చలి, అన్నిటికీ అదే మందు. రాత్రి ఎద్దు మెడలో గంట ఆగితే ఇంటాయన లేచి కూర్చునేవాడు. మా అవ్వ కాపురానికి వచ్చిన ఇల్లు అలాంటిదే. ఎద్దుల్ని బయటికి పంపించాకే మా ఇంటికి హాలు అనేది వచ్చింది. అందుకే కొట్టాన్ని ఇంటికి తోక అంటే నాకు ఒప్పదు. ముందు ఉన్నది పశువులకూ మనుషులకూ కలిపి ఒకే చూరు. అందులోంచి మనుషులు డాబుగా విడిపోయి పక్కన కట్టుకున్నది ఈ సింహాల ఇల్లు.

పశువుల కొట్టం అంటే ముక్కు మూసుకునేవాళ్లకు ఒక సంగతి. 1927లో గాంధీ ఒంట్లో బాగోక ఇక్కడి నంది హిల్స్ మీదా, బెంగళూరులోనూ ఉన్నప్పుడు ఆడుగోడి దగ్గరున్న ప్రభుత్వ పాడి పశువుల సంస్థకు వెళ్లి, పశువుల్ని ఎలా చూసుకోవాలో నేర్చుకున్నాడు. అక్కడి పుస్తకంలో తనను తాను సబర్మతి రైతుగా రాసుకున్నాడు. బారిస్టరు అని రాసుకోవచ్చు, రాయలేదు.

ఇక పాతర. దీని గురించి మా అవ్వను అడిగితే వంట పక్కన పెట్టి మాట్లాడేది. కోస్తాలో వరికి గాదెలు, పురులు. మాకు రాగి. రాగికి భూమిలో పాతర, కన్నడంలో హగేవు అంటారు. గట్టి నేల చూసి తవ్వి, మూతి సన్నగా, కడుపు పెద్దగా ఉంచి, లోపల గడ్డి పరిచి రాగులు పోసేవాళ్లు. పైన బండ పెట్టి మట్టి మెత్తేవాళ్లు. రాగి గింజ మరీ చిన్నది, పైపొర గట్టిది, పురుగు సులువుగా పట్టదు. లోపల గాలి ఆడకపోతే పట్టిన పురుగు కూడా చస్తుంది. అలా ఏళ్ల తరబడి నిలవుండేది. పైన పశువులు తొక్కుతూ తిరిగే చోట పాతర ఉందని దొంగకు ఎలా తెలుస్తుంది? మాది కొట్టంలోనే ఎక్కడో ఉందని వినడమే గానీ, నాకు ఊహ తెలిసేసరికి దాన్ని మూసేశారు.

పాతర తియ్యడానికి ఒక పద్ధతి ఉంది. బండ తీసి ఒక రోజంతా అలా వదిలెయ్యాలి. తర్వాత తాడు కట్టి దీపం దించాలి. దీపం ఆరితే మనిషి దిగకూడదు. గింజ కూడా ఊపిరి తీస్తుంది కదా, మూసిన గుంతలో ఉన్న మంచి గాలినంతా వాడేసి బొగ్గుపులుసు గాలి నింపుతుంది. తొందరపడి దిగినవాళ్లు, వాళ్లను తీయడానికి దిగినవాళ్లు, వరసగా పోయిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ధాత కరువు అని పెద్దవాళ్లు చెప్పుకునేది 1876–78 నాటిది. 1871 లెక్కల్లో మైసూరు రాజ్యపు జనం 50 లక్షలు దాటారు, 1881 నాటికి 42 లక్షల లోపుకు దిగిపోయారు. ఈ అంకెలు చదివాక, కొట్టంలో ఒక గొయ్యి అనే మాట నాకు వేరేగా వినబడుతుంది. పాతర నిండుగా ఉన్న ఇల్లు, లేని ఇల్లు, తేడా అక్కడే.

రాజులు కట్టిన గాదెలను మాత్రం మనం చక్కగా కాపాడుకుంటాం. గండికోటలో ధాన్యాగారం చూడటానికి బస్సులు వెళ్తాయి. తంజావూరు జిల్లా పాపనాశం గుళ్లో నాయక రాజులు 1600–1634 మధ్య కట్టించిన గాదె 36 అడుగుల ఎత్తు, దానికి పురావస్తు శాఖ రక్షణ ఉంది. అక్కడ ఏలినవాళ్ల ఇంటి మాట కూడా తెలుగే. తమాషా ఏమిటంటే 1965లో ఫుడ్ కార్పొరేషన్ మొదటి జిల్లా ఆఫీసు తెరిచింది కూడా తంజావూరులోనే. పంట కళ్లంలోంచే లారీ ఎక్కడం మొదలయ్యాక ఇంటింటి గాదె దేనికి? రైతు గాదె గుడి గాదెలా ఎత్తుగా లేదు, రాతి మీద పేరు చెక్కించుకోలేదు. కోళ్ల గూడు కింద పెట్టి, వంటచెరకు చేసి, పోగొట్టుకున్నాం.

కొట్టంలో ఉత్తరపు చివర మూడు అంకణాలకు గోడలు లేపి పట్టుపురుగుల గది చేశారు. మా వైపు, చింతామణి, శిడ్లఘట్ట వైపు ఇది ప్రతి ఊళ్లో ఉన్నదే. బెంగళూరుకీ పట్టుకీ పాత చుట్టరికం, జంషెడ్జీ టాటా 1896లో బసవనగుడి దగ్గర జపాను వాళ్ల సాయంతో పట్టు ఫారం పెట్టించాడు. ఫారం పోయింది, టాటా సిల్క్ ఫారం అని ఏరియా పేరు మిగిలింది. వైట్‌ఫీల్డ్ మాత్రం? 1882లో మైసూరు మహారాజు ఆంగ్లో ఇండియన్లకు వ్యవసాయం చేసుకోమని ఇచ్చిన భూమి అది. ఇప్పుడక్కడ లాప్‌టాప్ సంచితో వెళ్లే మా చిన్నాడికి ఆ మాట చెబితే, జోకు అనుకున్నాడు.

గది కట్టకముందు పురుగులు ఇంట్లోనే ఉండేవి, మనుషులు వసారాలో పడుకునేవాళ్లు. వాటికి ఉల్లిపాయ తాలింపు పడదు, పొగాకు పడదు, అగరొత్తి పడదు. చీమ పడితే అంతే సంగతులు, అందుకని స్టాండు కాళ్లను నీళ్ల గిన్నెల్లో నిలబెట్టేవాళ్లం. ఇరవై అయిదు రోజుల పైచిలుకు పంటలో నాలుగు జ్వరాలు వస్తాయి. జ్వరం అంటే పురుగు మేత మాని చర్మం విడిచే రోజు. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు, మొత్తం ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా అప్పుడే తింటాయి. అవి తినే చప్పుడు వాన కురిసినట్టు ఉంటుందని అందరూ మురిసిపోతూ రాస్తారు. నాకు గుర్తున్నది అర్ధరాత్రి రెండింటికి అమ్మ నన్ను లేపి చేతిలో ఆకుల తట్ట పెట్టడం, పొద్దున బడిలో నిద్రపోయినందుకు దెబ్బలు. పట్టుపురుగు మీద గుడ్లు పెట్టి దాన్ని చంపే ఊజీ ఈగ 1980లో కర్ణాటకలోకి వచ్చాక కిటికీలకు వలలు కట్టాం. దాని వల్ల పోయిన పంటకు తీర్చిన అప్పు మొన్నమొన్నటి దాకా నాయన డైరీలో కనిపించేది.

మోటారు గది గురించి ఎక్కువ చెప్పను. ఆరడుగుల గది, ఒక స్టార్టర్ డబ్బా, ఏటా ఒక పాము. త్రీఫేజ్ కరెంటు అర్ధరాత్రి వచ్చేది, టార్చి పట్టుకుని నాయన వెళ్లేవాడు. ఆ బోరు దగ్గర ఇప్పుడు ట్యాంకర్లు నింపుతారు. పంటకు పోయిన నీళ్లు అపార్ట్‌మెంట్లకు పోతున్నాయి.

ఇక్కడిదాకా చదివి, ఈవిడ కూడా పాతరోజులే బంగారం అనే రకమే అనుకుంటున్నారేమో. కొట్టంలో పశువులొక్కటే పడుకోలేదు. మా ఇంట్లో ఒక జీతగాడు ఉండేవాడు. జీతం అంటే ఇప్పుడు మనకు నెల మొదటి తారీకున ఫోనులో వచ్చే మెసేజి. అప్పుడు జీతమంటే తండ్రి తీసుకున్న అప్పుకు కొడుకు చాకిరీ. ఆయన పడుకున్నది రెండో అంకణంలో, ఎద్దుల పక్కన, గోతం మీద. గోడ గూట్లో ఆయనకని వేరే అల్యూమినియం గ్లాసు. మా అమ్మ కాఫీ పైనుంచి పోసేది, గ్లాసు తగలకుండా. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మా ఇంట్లో గ్లాసు గూట్లోంచి దిగడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఆయన పేరు రాయను, మనవరాళ్లు ఇదే ఊళ్లో ఉన్నారు, వాళ్ల ఇష్టం లేకుండా నేనెవర్ని?

అదే కొట్టంలో తూర్పు మూల అవ్వ, అమ్మ, ఆ తర్వాత నేను నెలకు మూడు రోజులు కూర్చున్నాం. నాకు చదువుకోవడానికి వెలుగు బాగా వచ్చేది అక్కడే, అది వేరే సంగతి. మా చిన్నన్న పుట్టింది కూడా అక్కడే. ఇంట్లోకి ఎవర్ని రానివ్వలేదో, ఎప్పుడు రానివ్వలేదో, వాళ్ల జాడ మొత్తం కొట్టంలోనే ఉంది. ఇంటిని మాత్రం తుడిచి మెరిపించి హెరిటేజ్ అని బోర్డు పెడితే, ఆ గ్లాసు ఎక్కడ పెడతారు?

కేఫ్ నాకు నచ్చనిది ఇందుకే. కాఫీ మీద నాకు కోపం లేదు. గూట్లో గ్లాసు బదులు సువాసన కొవ్వొత్తి వస్తుంది. ఎద్దు నాకిన రాయిలో మనీప్లాంటు వస్తుంది. గోడ మీద నాగలి అడ్డంగా తగిలిస్తారు, అది కూడా కర్రు ఊడదీసి. నిజంగా వాడే ఇంట్లో నాగలి అటక మీద ఉంటుంది, పక్కన గొర్రు, గుంటక, జడ్డిగం, తడి తగలకుండా. మ్యూజియం చేద్దామని చిన్నన్న ఒకసారి అన్నాడు, నాకు అదీ వద్దు. టిక్కెట్టు పెట్టి మా జీతగాడి గోతం చూపించలేను.

ప్రస్తుతం నా కొట్టంలో మదనపల్లె నుంచి వచ్చిన ఒక మెకానిక్ ఉన్నాడు. బైకులు, స్కూటర్లు బాగుచేస్తాడు. అద్దె కేఫ్ వాళ్లు ఇస్తామన్నదాంట్లో పావు వంతు. మా అన్నల ఇళ్లల్లో నన్ను పిచ్చిదాన్ని అనుకుంటున్నారు. కానీ చూడండి, ఏడు అంకణాల్లో బండ్లు నిలబెట్టాడు, అంకణానికి రెండు, ఎవరూ చెప్పకుండానే. కాడి వేలాడిన కొక్కేనికి గొలుసులు, ట్యూబులు వేలాడతాయి. పెంకు కదిలితే తనే ఎక్కి సర్దుకుంటాడు, వాన పడితే తడిసేది తన సామానే కాబట్టి. నేల వాలు ఉందని బండ్లు కడిగిన మొదటి రోజే కనిపెట్టి, "ఎవరు పరిచారక్కా ఈ బండలు, చుక్క నిలవడం లేదు" అన్నాడు. పని జరిగే చోటు పని జరిగే చోటుగా ఉంటేనే దాన్ని ఎవరైనా చూసుకుంటారు. నూనె మరకలు పడుతున్నాయని మావాడి ఫిర్యాదు. పేడ మరకల మీద పడుతున్నాయి, పడనీ.

ఇది అందరికీ కుదిరే సలహా కాదని నాకు తెలుసు. కొట్టం కూలిపోయే దశలో ఉంటే, కొడుకు పెళ్లికి డబ్బు కావాలంటే, అమ్ముకోక ఏం చేస్తారు. కానీ పడగొట్టేముందు టేపు పట్టుకుని ఒకసారి కొలవండి. గుంజకూ గుంజకూ ఎంత దూరం, గాడి ఎంత ఎత్తు, కాలవ ఎటు వాలు, ఎవరు ఎక్కడ పడుకునేవాళ్లు. అరపూట పని. ఇంటిని కొలిచిన కాగితాలు రిజిస్ట్రార్ ఆఫీసులో ఎలాగూ ఉంటాయి, కొట్టాన్ని ఎవరూ కొలవరు.

మేం పోయిన నెల కొలిచాం. నేను, మావాడు, మెకానిక్. నాలుగో అంకణంలో టేపు సాగదీస్తుంటే ఒక బండ మీద సుత్తి పడి బోలుగా మోగింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. స్కూటర్లు జరిపి, గడ్డపార పెట్టి లేపితే, కింద సన్నటి మూతి, చీకటి. పాతర. తొంభై దాటిన మా అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చాం. అప్పటికే మావాడు ఫోను లైటు వేసి లోపలికి చూసి, అడుగు కనబడుతోంది, పదడుగులు కూడా లేదు, నిచ్చెన వేస్తే దిగొచ్చని చొక్కా చేతులు మడుస్తున్నాడు. వెలుగు అడుగుదాకా చక్కగా పడుతోంది.

"ఆ లైటు ఆరుతుందేంరా?" అంది అవ్వ.

"ఆరదవ్వా, చార్జింగ్ ఎనభై ఉంది."

"అయితే దాన్ని నమ్మి దిగొద్దు. దీపం తేండి."

మెకానిక్ తన దేవుడి పటం దగ్గరి ప్రమిద తెచ్చి, క్లచ్ వైరు కట్టి దించాడు. నాలుగడుగులు దిగేదాకా బాగానే వెలిగింది. ఆ కిందికి వెళ్లగానే మంట చిన్నదై, నీలంగా అయి, ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించితే మళ్లీ అక్కడే ఆరింది. మావాడు మడిచిన చేతులు మెల్లగా కిందికి దించుకున్నాడు.

బండ మళ్లీ మూసి, మూతి ఎక్కడుందో కాగితంలో గుర్తు పెట్టాం. మెకానిక్ స్కూటర్లు యథాస్థానానికి నెట్టాడు.